రాణి చెంప మీద దెబ్బ

3, సోమవారం

చప్పుళ్ల పుస్తకం ముందువైపంతా పనే. ఏ సీనులో ఏ చప్పుడు, దేంతో చెయ్యాలి, అదే ఉంటుంది. ఇది వెనకవైపు నుంచి రాస్తున్నాను. ఎవరూ తిప్పి చూడరు.

కొత్త సినిమా వచ్చింది. తమిళ సినిమా. మాయలూ, మంత్రాలూ, సాహసాలూ. తెలుగులోకి మారుస్తున్నారు. మాటలు వేరుగా, చప్పుళ్లు వేరుగా పంపాల్సింది, కలిపేసి పంపారు. తమిళం మాటలు తీసేస్తే వాటితోపాటు చప్పుళ్లూ పోతాయి. అడుగుల దగ్గర్నుంచి తలలు తెగేదాకా అన్నీ నేను మళ్లీ చెయ్యాలి. రెండు వారాలు ఇచ్చారు.

కథ ఇది. ఒక రాజుగారి కూతురి గొంతు మాంత్రికుడు దొంగిలించాడు. గంటలు పోతపోసేవాడి కొడుకు దాన్ని తేవడానికి భూమి కిందికి వెళతాడు. ఏడు తలుపులు. ఏడో తలుపు వెనక కళ్లు లేని మృగం. దానికి ఏమీ కనపడదు. చప్పుడు వింటే చాలు, చంపేస్తుంది.

డబ్బింగు డైరెక్టరు గారు అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. "సినిమా పొడుగెక్కువైంది. ఏది బావుంది, ఏది బాలేదు, అందరూ ఒక కాగితం మీద రాసివ్వండి. ఎక్కడ కత్తెర వెయ్యాలో నాకు తెలియాలి. పెద్దాయనా, మీరు కూడా."

తల ఊపాను. నా మొహం చూసి మా అబ్బాయి అద్దం వెనక నవ్వాడు. వాడు రికార్డింగు చేస్తాడు. నేను ఇవతల చప్పుడు చేస్తే వాడు అవతల పట్టుకుంటాడు. పదకొండేళ్లుగా అంతే. "ఇంకొకటి నాన్నా." "చాలు నాన్నా." ఇంట్లో ఆ మాత్రం మాటలు కూడా ఉండవు.

4, మంగళవారం

మొదటి తలుపు, రెండో తలుపు అయ్యాయి. పొద్దుటినుంచి ముప్ఫై ఒక్కమందిని చంపాను.

ఎముక విరగడానికి తడి తువాలులో ఎండుపుల్లలు చుట్టి మెలిపెట్టాలి. పుర్రె పగలడానికి క్యాబేజీ. కత్తి పొట్టలో దిగడానికి మాంసం కొట్టునుంచి తొడ ముక్క తెప్పించారు. పేగులు బయటపడే సీనుకి నూనెలో నానబెట్టిన గుడ్డపేలికలు బకెట్లోంచి చేతులతో తోడాను. ఒకడి చెయ్యి భుజం దగ్గర ఊడిపోతుంది. దానికి సొరకాయ బాగా పనికొచ్చింది.

మృగానికీ మాంత్రికుడికీ గొంతు ఇచ్చే ఆయన్ని అందరూ ఉరుము అంటారు. ఆయన నా బకెట్టు చూసి, "తాతా, నిన్ను చూస్తే పిల్లి కూడా భయపడదు. నీ చేతిలో ఎంతమంది పోయారో పోలీసులకి తెలుసా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చి చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. కోడలు సబ్బు అందించింది.

5, బుధవారం

పొద్దున్నే లోపలి గదిలో చప్పుడు. నాలుగైదుసార్లు. కోడలు పరుపు దులుపుతున్నట్టుంది.

7, శుక్రవారం

ఈ సినిమాలో బావున్నది ఒకటి దొరికింది. ఏడో తలుపు సీను, వరస తప్పించి ఇవాళే చేయించారు. పది నిమిషాలు మాట లేదు, పాట లేదు. హీరో చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని ఎముకల మీద నడుస్తాడు. మృగం నిద్రపోతూ ఉంటుంది. దాని తలకి కళ్లు లేవు, చెవులు మాత్రం ఏనుగు చెవులంత. ఒక చిన్న ఎముక చిట్లుతుంది. అంతే. అది లేచి, వెనక వస్తున్నవాణ్ని నడుముదాకా కొరికేస్తుంది. కాళ్లు ఇంకా నిలబడే ఉంటాయి.

ఆ చిట్లడానికి నేను గోధుమగడ్డి పరక విరిచాను. డైరెక్టరు గారు అద్దం వెనకనుంచి రెండు చేతులూ జోడించారు. తీసినవాడెవరో పని తెలిసినవాడే. పెద్ద చప్పుడుకి ఎవరైనా లేస్తారు. చిన్న చప్పుడుకి లేచేదే మృగం.

పొద్దున మళ్లీ లోపలి గదిలో చప్పుడు. దెబ్బలాంటిది కాదు. దెబ్బ సంగతి నాకు తెలుసు, నలభై ఏళ్లుగా చేస్తున్నాను. దెబ్బంటే ముందు గాలి కోసుకు రావాలి, తర్వాత టప్పున పేలాలి, వెనక కాస్త బరువుండాలి. ఇది అలా లేదు. పొడిగా, తక్కువగా ఉంది. మూత పెట్టినట్టు.

"ఆపు" అని కూడా వినిపించింది. కోడలి గొంతు. నీళ్ల మోటరు ఆపమని అయ్యుంటుంది.

8, శనివారం

కోడలు కళ్లద్దాల షాపులో పనిచేస్తుంది. ఇవాళ నల్లద్దాలు పెట్టుకుని పనికెళ్లింది. కొత్త మోడలట, పెట్టుకుని చూపిస్తే జనం కొంటారట.

ఇంటికొచ్చాక కూడా తియ్యలేదు.

9, ఆదివారం

సెలవు. మోటరు చూశాను. పది రోజులుగా పనిచెయ్యడం లేదు.

మా ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. ఆవిడ మీద నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఇది ఇప్పుడెందుకు రాశానో.

11, మంగళవారం

నాలుగో తలుపు. హీరో ఒక్కడే నలభై ఎనిమిది మందిని కొడతాడు. గొడ్డలి, గద, వట్టి చేతులు. తడితోలు మీద కొట్టి కొట్టి నా మణికట్టు వాచింది. డైరెక్టరు గారికి చాల్లేదు. "ఇంకా పెంచండి పెద్దాయనా. కుర్చీలో కూర్చున్నవాడికి పళ్లు కదలాలి." మా అబ్బాయి పెంచాడు.

బాలేనిది ఇదే అనిపించింది. నలభై ఎనిమిది మంది పడ్డారు, ఒక్కడికీ నొప్పి లేదు. పడగానే సినిమా వాళ్లని మర్చిపోతుంది. దెబ్బ తిన్న మనిషి మర్నాడు ఎలా కూర్చుంటుందో, ఎలా లేస్తుందో ఎక్కడా లేదు.

'కూర్చుంటాడో' అని రాయబోయాను.

ఇంకొకటి కూడా ఉంది. కూతురి గొంతు పోయిందన్న కోపంలో రాజుగారు రాణిని చెంప మీద కొడతాడు. రాజు మంచివాడే కథలో. కొట్టగానే సంగీతం హోరెత్తుతుంది. రాణి మొహం చూపించరు. తర్వాతి సీనులో ఆవిడే ఆయన కాళ్లు ఒత్తుతూ ఉంటుంది. చెంప మీద గీత కూడా లేదు. ఆ చెంపదెబ్బ చప్పుడు సోమవారం చెయ్యాలి.

12, బుధవారం

మావాడు తొందరగా వెళ్లిపోయాడు. కోడలు టీ తెచ్చి నా ముందు పెట్టి, వెళ్లకుండా నిలబడింది. అద్దాలు తీసేసింది. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. చుట్టూ వంకాయ రంగు.

"మామయ్యా, చీమ నడిచినా మీకు వినపడుతుంది. స్టూడియోలో అందరూ అదే చెప్పుకుంటారు."

టీ మీద మీగడ కట్టింది. దాన్నే చూశాను.

"మీకు వినపడుతుందన్న ధైర్యంతోనే ఇన్నాళ్లూ గట్టిగా అరవలేదు నేను" అంది. "ఆ గోడ చెక్కది. అవతల మీరున్నారు. ఇవాళ లేస్తారు, రేపు లేస్తారు అనుకున్నా."

"పరుపు దులుపుతున్నావనుకున్నానమ్మా."

"అయిదింటికా?"

ఆమె గ్లాసు తీసుకుని, "చల్లారింది, వేడి చేసి తెస్తా" అని లోపలికెళ్లింది.

13, గురువారం

చూశాను.

పొద్దున ఆరు. తలుపు ఓరగా ఉంది. చొక్కా ఇస్త్రీ కాలేదని. వాడు మాట కూడా పెద్దగా అనలేదు. ఎడమ చేత్తో ఆమె జుట్టు పట్టుకున్నాడు, తల కదలకుండా. కుడి చేత్తో కొట్టాడు. చెంప మీద, చెవి మీద, మెడ మీద. ఆమె పళ్లు బిగించింది. తర్వాత మోకాలు ఎత్తి పొట్టలో పొడిచాడు. ఆమె గోడకి జారి కూర్చుంది. నోట్లోంచి ఎర్రగా ఒక తీగ నేల దాకా సాగింది. వాడు వంగి ఇంకొకటి కొట్టాడు. తీరిగ్గా. మేకు సరిగ్గా దిగలేదని ఇంకో దెబ్బ వేసినట్టు.

ప్రతి దెబ్బా విన్నాను. గాలి కోసుకు రాదు. పేలదు. చాలా చిన్న చప్పుడు. నలభై ఏళ్లుగా తప్పు చేస్తున్నాను.

నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. అది కింద పడెయ్యడానికి కూడా చెయ్యి రాలేదు. కళ్లు లేని మృగం గడ్డిపరకకి లేచింది. నేను నిలబడే ఉన్నాను. వాడు చొక్కా తొడుక్కుని నా పక్కనుంచే వెళ్లాడు. "స్టూడియోకి నువ్వు బస్సులో వస్తావా నాన్నా" అని అడిగాడు.

బస్సులో వస్తానన్నాను.

14, శుక్రవారం

పనికెళ్లాను. అయిదో తలుపు. కత్తులకి వాడే ఇనప కడ్డీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. మూరెడుంది. బరువుంది.

మంచం కింద ఉంది.

15, శనివారం

కడ్డీ మంచం కిందే ఉంది.

మా ఆవిణ్ని ఒక్కసారి కొట్టాను. ఒక్కసారే.

16, ఆదివారం

మధ్యాహ్నం కోడలు షాపుకెళ్లింది. వాడు భోంచేసి ముందు గదిలో నిద్రపోయాడు. వెల్లకిలా. నోరు తెరుచుకుని. చిన్నప్పుడూ అంతే.

కడ్డీ తీసుకుని తల దగ్గర నిలబడ్డాను. రెండు చేతులతో ఎత్తాను. కణత ఎక్కడుందో చూసుకున్నాను. క్యాబేజీలా పగులుతుందనుకున్నాను. పగలదు. అది మేం పెట్టిన చప్పుడు. నిజం చప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. ఆ మాట కూడా రాస్తున్నాను. నాకు నిజంగా కొట్టాలని ఉంది.

వాడి అరచెయ్యి పరుపు మీద తెరిచి ఉంది. పొట్టి వేళ్లు, వెడల్పాటి బొటనవేలు. నా చెయ్యే.

కొట్టకుండానే కడ్డీ దించాను.

మా ఆవిణ్ని కొట్టింది ఒక్కసారి కాదు. లెక్క లేదు. కూరలో ఉప్పని, బీరువా తాళం కనపడలేదని, స్టూడియోలో ఎవరో నవ్వారని. బయట నోరెత్తలేనివాణ్ని, ఇంట్లో చెయ్యెత్తాను. ఒకసారి ఆవిడ ముందుపన్ను ఊడింది. గుమ్మంలో వీడు నిలబడి ఉండేవాడు, ఆరేళ్లు, చేతిలో రబ్బరు బంతి. కొట్టడం అయ్యాక ఆ బంతి నా దగ్గరికి దొర్లించేవాడు, ఆడుకుందామని.

ఒక్క దెబ్బ చప్పుడూ నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా లేదు. కొట్టేవాడికి వినపడదు. ఆ చప్పుడు తినేవాళ్లకే, గోడ అవతల ఉన్నవాళ్లకే.

వీడికీ వినపడి ఉండదు.

17, సోమవారం

కడ్డీ తిరిగి స్టూడియోలో పెట్టేశాను.

రాణి చెంపదెబ్బ. డైరెక్టరు గారు మావాడి పక్కన కూర్చున్నారు. ఉరుము కూడా ఉన్నాడు, తన వంతు కోసం. తెర మీద రాజు నిలబడ్డాడు. నేను మైకుని దగ్గరికి లాక్కున్నాను.

"తోలు ఏది నాన్నా?" స్పీకర్లో మావాడు.

"వద్దు."

ఎర్ర దీపం వెలిగింది. రాజు చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేచోట నా ఎడమ చెంప మీద నేను కొట్టుకున్నాను. ఉన్న బలమంతా పెట్టి.

"ఏంటి పెద్దాయనా, తుస్సుమంది" అన్నారు డైరెక్టరు గారు. "ఇంకొకటి."

ఇంకొకటి కొట్టుకున్నాను. మూడోది చెవికి తగిలింది, గంట మోగినట్టయింది. చిన్న చప్పుడు కదా, మావాడు మీట పైకి తోసి, చెవులకున్న హెడ్‌ఫోన్లు రెండు చేతులతో అదుముకున్నాడు. నేను పెంచమనలేదు. వాడే పెంచుకున్నాడు.

నాలుగోదానికి దవడలోపల పంటికి తెగింది. నోట్లో ఉప్పగా అయింది. దెబ్బ తర్వాత కోడలు ఊపిరి ఎలా పీల్చిందో నాకు గుర్తుంది. ముక్కుతో, ముక్కలు ముక్కలుగా. అది కూడా చేశాను. మైకు ఎదురుగా. అయిదో దెబ్బ. మళ్లీ ఆ ఊపిరి.

"తాతా, తోలు కొనడానికి డబ్బుల్లేవా ఈ స్టూడియోలో" అన్నాడు ఉరుము. ఎవరూ నవ్వలేదు. ఆయనే సగంలో గొంతు తగ్గించేశాడు.

తెర మీద సీను మళ్లీ మొదటికొచ్చింది. రాజు మళ్లీ చెయ్యెత్తాడు. ఆరు. చొక్కా మీద రక్తం పడింది. ఏడు. దవడపన్ను ఒకటి కదిలింది, నాలికకి తెలుస్తోంది. అద్దం వెనక మావాడి మొహం చూస్తూనే ఉన్నాను. మొదట చిరాకు. తర్వాత ఏమీ లేదు. ఆరోదానికీ ఏడోదానికీ మధ్య రంగు పోయింది. ఆ చప్పుడు ఎక్కడిదో వాడికి తెలిసింది.

"ఏది ఓకే?" అని డైరెక్టరు గారు వాణ్ని అడిగారు.

"ఏదీ పడలేదు" అన్నాడు. "రికార్డు కాలేదు."

అబద్ధం. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.

"కాకపోతే మళ్లీ చేస్తాను" అని ఎనిమిదోది కొట్టుకున్నాను. తొమ్మిదోదానికి చెయ్యెత్తేసరికి తలుపు తోసుకుని వచ్చాడు. చెవులకున్నవి మెడలో వేలాడుతున్నాయి, తీగ వెనక ఈడ్చుకొస్తోంది. నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆపు నాన్నా."

మైకు మా ఇద్దరి మధ్యా ఉంది.

"కోడలు కూడా ఇదే మాట అంది" అన్నాను. "పది రోజుల కిందట, శుక్రవారం పొద్దున. గోడ ఇవతలనుంచి విన్నాను. మోటరు ఆపమంటోందనుకున్నాను. నువ్వేమనుకున్నావు?"

వాడు చెయ్యి వదిలేశాడు. ఉరుము నేలకేసి చూశాడు. నలభై ఏళ్లలో స్టూడియోలో నేను అంత పొడుగు మాట మాట్లాడలేదు. అంతా రికార్డయింది.

18, మంగళవారం

వాడు ఏడ్చాడు. కోడలి కాళ్ల దగ్గర కూర్చుని, తల నేలకి కొట్టుకుని. ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు. ఆమె వాడి వైపు చూడలేదు. నా వైపు చూసింది. నేనేం చెబుతానా అని.

"నిజంగానే ఏడుస్తున్నాడమ్మా" అన్నాను. "నేనూ నిజంగానే ఏడ్చాను, మీ అత్తయ్య పన్ను ఊడినప్పుడు. ఆర్నెల్లకి మళ్లీ కొట్టాను."

వాడు తలెత్తాడు. నుదురు చిట్లి రక్తం కారుతోంది. వాడికి గుర్తుంది, నాకు గుర్తున్నట్టు వాడికి తెలియదు ఇన్నాళ్లూ.

"నువ్వు వెళ్లిపో అమ్మా. పెట్టె నేను మోస్తాను."

"పెట్టె ఎప్పుడో సర్దాను మామయ్యా" అంది. "మూడు నెలలైంది. మోసేవాళ్లు లేచేదాకా ఆగాను."

వాడు లేచి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. పిడికిలి బిగుసుకుంది. నేను పెట్టె నెత్తిన పెట్టుకుని ముందు నడిచాను. కొట్టాడు. భుజం మీద. పెట్టె ఊగింది గానీ పడలేదు. ఆ చప్పుడుకి వాడే అదిరిపడ్డాడు. ఈసారి వినపడింది.

పక్కకి తప్పుకున్నాడు.

"నువ్వు కూడానా నాన్నా?"

"నీకు వండుకోవడం వచ్చు" అన్నాను.

20, గురువారం

కోడలి అక్క ఇల్లు. మేడమీద రెండు గదులు. అక్కగారు నన్ను గుమ్మంలోనే ఆపేసి చాలాసేపు చూసింది. "ఈయన కూడా ఎందుకు?" అని అడిగింది. సరైన ప్రశ్నే. "వింటారు" అంది కోడలు. పగలంతా ఆమెతో షాపుదాకా వెళ్లి రావడం, మెట్ల దగ్గర కూర్చోవడం నా పని. క్షమించానని ఆమె అనలేదు. నేను అడగలేదు.

డైరెక్టరు గారికి కాగితం ఇచ్చి వచ్చాను. బావున్నది: కళ్లు లేని మృగం. చిన్న చప్పుడుకి లేస్తుంది. బాలేనిది: రాజు రాణిని కొట్టిన చప్పుడు సంగీతంలో కలిపేశారు. రాణి మొహం చూపించలేదు. కత్తెర వేస్తే రాజుకి వెయ్యండి.

ఆయన రెండుసార్లు చదివారు. "రాజుని తీసేస్తే చివర్లో ఎవరు గెలిచినట్టు పెద్దాయనా? జనం చప్పట్లు కొట్టాలిగా." నా చప్పుడు వాడలేదట. వేరే సినిమాలోంచి పెద్దది ఒకటి తీసి పెట్టారు. హాలు అదిరిపోతుంది. మావాడు సోమవారం తర్వాత మళ్లీ పనికి రాలేదట. ఆ రోజు నా దెబ్బల రికార్డు, తొమ్మిది నిమిషాలది, మాత్రం ఎవరో ఇంటికి పట్టుకెళ్లారు.

ఇప్పుడు సాయంత్రం అయిదు. రాస్తుంటే వంటగదిలో ఏదో పడింది. ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం, ఆమె అక్కడ, నేను ఇక్కడ.

"గిన్నె మామయ్యా" అని అరిచింది లోపల్నించి. "వట్టి గిన్నే. మీరు లేవకండి."

లేచి వెళ్లి చూసి వచ్చి రాస్తున్నాను. గిన్నే.